మనసులోని భావానికి సరైన ఇంగ్లీషు మాట: మెట్టుమెట్టుగా నేర్చుకునే మార్గం

ఇంగ్లండులో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న ఒక నర్సు కొన్నాళ్లు నా దగ్గర ఇంగ్లీషు మాట్లాడటం సాధన చేసింది. వైద్యరంగంలో పనిచేసేవారి కోసం ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష ఉంది. అందులో మాట్లాడే భాగానికి వచ్చేసరికి రోగితోనో, రోగి బంధువుతోనో మాట్లాడుతున్నట్టు రెండు సన్నివేశాలు ఇస్తారు. ఒక్కోదానికి దాదాపు అయిదు నిమిషాలు. ఆ రోజు నేను రోగిని. తెల్లవారితే ఆపరేషను ఉన్న పెద్దావిడలా కుర్చీలో ముడుచుకుని, నిద్ర పట్టడం లేదని, ఇంటి దగ్గర ముసలాయన ఒక్కడే ఉన్నాడని ఇంగ్లీషులో చెప్పుకున్నాను. ఆమె ముందుకు వంగి, నా చేతి మీద చెయ్యి వేసి, ఎంతో ఆప్యాయంగా "డోంట్ ఫీల్, మేడమ్" అంది.

ఆ గొంతులోని దయ నూటికి నూరుపాళ్లూ నిజం. మాట మాత్రం చేరాల్సిన చోటికి చేరలేదు. తెలుగులో "ఫీల్ అవ్వకండి" అంటే బాధపడకండి అని అర్థం. ఇంగ్లీషులో ఫీల్ అంటే అనిపించడం మాత్రమే. ఏమనిపించిందో ఆ తర్వాతి మాట చెప్పాలి. ఆ మాట లేకపోతే, "మీకేమీ అనిపించకూడదు" అన్నట్టు వినిపిస్తుంది. భయంతో ఉన్న మనిషికి అంతకంటే కటువైన మాట ఉండదు.

ఆ అమ్మాయికి ఇంగ్లీషు రాక కాదు. మందుల పేర్లు, శరీర భాగాలు, నొప్పిలోని రకాలు అన్నీ తడుముకోకుండా చెప్పగలదు. మనసు దగ్గరకు వచ్చేసరికి హ్యాపీ, శాడ్, యాంగ్రీ, టెన్షన్ అనే నాలుగు మాటలే చేతిలో మిగిలాయి. మనలో చాలామంది పరిస్థితి ఇదే. దీనికి మందుగా భావపదాల జాబితా ఒకటి తెచ్చుకుని బట్టీ పడతారు. నేను చూసినంతలో ఆ జాబితాలు పరీక్ష అయ్యేదాకా కూడా నిలవవు. కోపం వేరు, ఉక్రోషం వేరు, అలక వేరు అని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ సన్నని తేడాలన్నీ మన భాషే మనకు ఇచ్చింది. కాబట్టి బయలుదేరాల్సింది ఇంగ్లీషు జాబితా నుంచి కాదు, మన మనసులో ఉన్న తెలుగు మాట నుంచి. దాన్ని నాలుగు ప్రశ్నలు అడిగితే ఇంగ్లీషు మాట దొరుకుతుంది. ఆ పద్ధతినే ఇక్కడ వరుసగా చెబుతాను.

మొదటి మెట్టు: వాక్యాన్ని తిప్పుకోవడం

తెలుగులో భావం మన దగ్గరకు నడిచి వస్తుంది. కోపం వస్తుంది, భయం వేస్తుంది, జాలి కలుగుతుంది, విసుగు పుడుతుంది, దిగులు పట్టుకుంటుంది. మనిషి "నాకు" అంటూ పక్కన నిలబడతాడు. భావమే కర్త. ఇంగ్లీషులో మనిషే కర్త, భావం అతని స్థితి. అందుకే "యాంగర్ కేమ్ టు మీ" అనే వాక్యంలో ప్రతి మాటా సరైనదే అయినా మొత్తం వాక్యం పరాయిగా ఉంటుంది. "ఐ గాట్ యాంగ్రీ" అనాలి.

దీనికి మూడు క్రియలు చాలు. ఉన్న స్థితికి బీ, లోపల అనిపించేదానికి ఫీల్, స్థితి మారడానికి గెట్. తెలుగులో "కోపంగా ఉంది" అనే చోట "షీ ఈజ్ యాంగ్రీ". "కోపం వచ్చింది" అనే చోట "షీ గాట్ యాంగ్రీ". "నన్ను పక్కన పెట్టేశారనిపించింది" అనే చోట "ఐ ఫెల్ట్ లెఫ్ట్ అవుట్". ఉంది, వచ్చింది, అనిపించింది అనే మూడు తెలుగు మాటలనూ ఈ మూడు క్రియలకు జతచేసి గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే.

రెండో సగం కాస్త ఓపిగ్గా చూడాలి. "నేను డిసప్పాయింట్ అయ్యాను" అని రోజూ అంటాం. దాన్ని ఇంగ్లీషులోకి తేగానే "ఐ డిసప్పాయింటెడ్" అనేస్తాం. దానర్థం నేను ఎవరినో నిరాశపరిచాను అని. మనం చెప్పదలచుకున్నదానికి సరిగ్గా ఎదురు. తెలుగులో మనకు భయపడు, భయపెట్టు అనే జంట ఉంది. బాధపడు, బాధపెట్టు. ఆశ్చర్యపడు, ఆశ్చర్యపరచు. ఇంగ్లీషు భావక్రియల్లో ఎక్కువ భాగం ఈ "పెట్టు", "పరచు" వైపున ఉంటాయి. డిసప్పాయింట్ అంటే నిరాశపరచు, సర్‌ప్రైజ్ అంటే ఆశ్చర్యపరచు, ఇరిటేట్ అంటే చిరాకు పెట్టు, ఎంబరాస్ అంటే నలుగురిలో ఇబ్బంది పెట్టు, స్కేర్ అంటే భయపెట్టు. వీటి నుంచి "పడు" వైపుకు రావాలంటే బీ క్రియ చేర్చి, మాట చివర "ఎడ్" రూపం వాడాలి: "ఐ వాజ్ డిసప్పాయింటెడ్", "ఐ వాజ్ సర్‌ప్రైజ్డ్".

ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే బోర్డ్, బోరింగ్ గొడవ కూడా తీరిపోతుంది. "ఎడ్" రూపం పడేవాడిది, "ఇంగ్" రూపం పెట్టేదానిది. పాఠం బోరింగ్, విన్నవాడు బోర్డ్. వార్త షాకింగ్, చదివినవాడు షాక్డ్. ఇంటర్వ్యూలో ఒకరు "ఐ యామ్ వెరీ ఎగ్జైటింగ్" అంటే, నన్ను చూస్తే అందరికీ ఉత్సాహం పొంగుకొస్తుంది అని చెప్పుకున్నట్టు. "ఎగ్జైటెడ్" అనాలి. లవ్, హేట్, ఎంజాయ్, అడ్మైర్, రిగ్రెట్ మాత్రం ఈ సూత్రానికి లొంగవు. వాటిలో అనుభవించే మనిషే నేరుగా కర్త: "ఐ రిగ్రెట్ ఇట్", "ఐ అడ్మైర్ హర్".

రెండో మెట్టు: తెలుగు మాటను ప్రశ్నించడం

ఎందుకు వచ్చింది? ఎవరి వైపు తిరిగింది? ఎంత ఉంది? ఎంతకాలం ఉంటుంది? ఇవే ఆ నాలుగు ప్రశ్నలు. వీటి బలం చూపడానికి సిగ్గు అనే మాటను తీసుకుంటాను. నాకు ఇది ఎంతో ఇష్టమైన ఉదాహరణ.

ఇంటికి చుట్టాలు వస్తే అమ్మ కొంగు చాటున దాక్కునే పిల్లవాడికి ఉన్నది సిగ్గే. ఇంగ్లీషులో అది షై. అది అతని స్వభావం. పెళ్లి భోజనాల దగ్గర పరధ్యానంగా ఇంకొకరి విస్తరి ముందు కూర్చుని, వాళ్లు వచ్చి నిలబడితే లేచిన మనిషికీ సిగ్గే వేస్తుంది. అది ఎంబరాస్డ్. తప్పేమీ జరగలేదు, నలుగురి కళ్లూ తన మీద పడ్డాయి, అంతే. అవసరంలో ఆదుకున్న స్నేహితుడు బాకీ అడిగితే అబద్ధం చెప్పి తప్పించుకున్న మనిషికి ఆ రాత్రి కలిగేదీ సిగ్గే. అది అషేమ్డ్. అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు, తనకు తానే కనిపిస్తున్నాడు. మూడింటికీ తెలుగులో ఒకే మాట సరిపోతుంది, ఎందుకంటే సన్నివేశం మిగతాది చెబుతుంది. ఇంగ్లీషులో మాటే ఆ పని చెయ్యాలి. అందుకే పరీక్ష ఇలా: చుట్టూ ఎవరూ లేకపోయినా ఆ భావం ఉంటుందా? ఉంటే అషేమ్డ్. లేకపోతే ఎంబరాస్డ్.

దీనికి దగ్గరలో మరో రెండు మాటలున్నాయి. చేసిన పని తప్పని కుమిలిపోవడం గిల్టీ. ఎవరో కావాలని నలుగురిలో మన పరువు తీస్తే అది హ్యుమిలియేటెడ్. అంటే మన అవమానం. పనివేళ అందరి ముందూ పై అధికారి కేకలేస్తే "ఐ వాజ్ ఎంబరాస్డ్" అనడం ఆ దెబ్బను తగ్గించి చెప్పడమే.

ఇక బాధ. ఇంత విశాలమైన మాట తెలుగులో మరొకటి లేదేమో. మోకాలికీ బాధే, మనసుకూ బాధే. కారణం అడగండి, మాట దానంతటదే విడిపోతుంది. దగ్గరివాళ్లు అన్న మాట గుచ్చుకుంటే హర్ట్. ఎదురుచూసింది దక్కకపోతే డిసప్పాయింటెడ్. అప్పుడే జరిగిన గొడవతో మనసు చెదిరి, కోపమో ఏడుపో తేలకపోతే అప్‌సెట్. అటు కోపాన్నీ ఇటు దుఃఖాన్నీ కలిపి చెప్పగల మాట అది కాబట్టి చాలా సందర్భాల్లో ఆదుకుంటుంది. మరణం తెచ్చిన దుఃఖం గ్రీఫ్. చెయ్యలేకపోయినదానికి, చేజారిన అవకాశానికి కలిగేది రిగ్రెట్. ఇంకొకరికి చేసిన అన్యాయానికి మనసు కాలిపోతే రిమోర్స్, మన పశ్చాత్తాపం. ఉద్యోగం మారనందుకు రిగ్రెట్ ఉండవచ్చు, రిమోర్స్ ఉండదు. ఎవరింట్లోనైనా పోయారని తెలిస్తే "ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్" అనాలి. అక్కడ సారీ క్షమాపణ కాదు, సంతాపం. అందుకే దానికి జవాబు కూడా "ఇట్స్ ఓకే" కాదు, "థ్యాంక్యూ".

జాలి దగ్గర ఒక హెచ్చరిక. నిఘంటువులో పిటీ అని కనిపిస్తుంది. కానీ "ఐ పిటీ యూ" అంటే ఎదుటివాణ్ణి తక్కువచేసి చూసినట్టు వినిపిస్తుంది. "ఐ ఫీల్ సారీ ఫర్ హిమ్" కొంత మెత్తన. ఎదుటివారి కష్టం చూసి సాయపడాలనిపించేంత కరుణకు కంపాషన్ అనే మాట ఉంది.

భయంలో కాలమే తేడా చెబుతుంది. పాము ఎదురైతే స్కేర్డ్, ఫ్రైటెన్డ్. కాసేపట్లో వేదిక ఎక్కాలంటే నెర్వస్. మాట్లాడటం మొదలయ్యాక అది చాలావరకు తగ్గిపోతుంది. రాత్రి పదకొండయినా అబ్బాయి ఇంటికి రాకపోతే వరీడ్. ఏ కారణమో చెప్పలేని ఆందోళన రోజుల తరబడి వెంటాడితే యాంగ్షస్. తప్పదని తెలిసి, వచ్చేదాన్ని తలుచుకుని కుంగిపోవడం డ్రెడ్.

సంతోషంలో అన్నింటికంటే ఎక్కువగా మరచిపోయే మాట రిలీవ్డ్. పరీక్ష ఫలితం చూసి, స్కానింగ్ రిపోర్టు చదివి "హమ్మయ్య" అంటామే, అది హ్యాపీ కాదు, రిలీవ్డ్. గుండె మీది బరువు దిగడం. ఒక వార్త విని కలిగేది గ్లాడ్. ఉన్నదానితో తృప్తిగా ఉండటం కంటెంట్. దీన్ని పలికేటప్పుడు ఒత్తు రెండో అక్షరం మీద పడాలి, లేకపోతే పుస్తకంలోని విషయం అనే అర్థమిచ్చే మరో మాట అవుతుంది. ఎవరో చేసిన చిన్న సాయానికి మనసు చెమర్చితే టచ్డ్. పొంగిపోతే డిలైటెడ్, థ్రిల్డ్. గ్లాడ్, అఫ్రైడ్ అనే రెండు మాటలూ సాధారణంగా నామవాచకం ముందు నిలబడవు. "అఫ్రైడ్ చైల్డ్" అనరు, "ఫ్రైటెన్డ్ చైల్డ్" అంటారు.

కాలం గురించిన నాలుగో ప్రశ్న మన శాస్త్రకారులకు కొత్తది కాదు. భరతుడి నాట్యశాస్త్రం రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం అని మనసులో నిలిచి ఉండే ఎనిమిది స్థాయిభావాలను చెప్పి, వాటి మీద అలల్లా వచ్చిపోయే వాటిని 33 సంచారి భావాలుగా లెక్కపెట్టింది. ఆ పట్టికలో అమర్షం అనే భావం ఉంది. అవమానాన్ని సహించలేక రగిలే ధర్మాగ్రహం. ఇంగ్లీషు ఇండిగ్నేషన్‌కు ఇంతకంటే దగ్గరి మాట నాకు దొరకలేదు. కూచిపూడి నేర్చుకున్నవారు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే ఆ పట్టికను ఇంగ్లీషు మాటలతో జతచేసే ఆట ఒక సాయంత్రం ఆడి చూడండి.

మూడో మెట్టు: ఎంత అని చెప్పడం

అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ ప్లుచిక్ 1980లో భావాలను ఒక చక్రంలా అమర్చాడు. ఎనిమిది మూల భావాలు, ఒక్కోదానికి మూడు అంచెలు. అనాయన్స్ పెరిగితే యాంగర్, ఇంకా పెరిగితే రేజ్. అప్రిహెన్షన్ నుంచి ఫియర్, అక్కడి నుంచి టెరర్. సిద్ధాంతంగా దాని మీద వాదాలు ఉండవచ్చు, భాష నేర్చుకునేవాడికి మాత్రం ఈ అంచెల ఆలోచన బంగారం లాంటిది.

మనం చేసే పొరపాటు ఏమిటంటే, ఒక్క యాంగ్రీనే పట్టుకుని దాని ముందు వెరీలు పేర్చుకుంటూ పోవడం. దాని బదులు మెట్లు కట్టుకోండి. చిరాకుకు ఇరిటేటెడ్ లేదా అనాయ్డ్. ఎంత ప్రయత్నించినా పని ముందుకు సాగక వచ్చే కోపానికి ఫ్రస్ట్రేటెడ్. కోపానికి యాంగ్రీ. అరికాలి మంట నెత్తికెక్కితే ఫ్యూరియస్. ఇక్కడ ఒక నియమం ఉంది. ఫ్యూరియస్, టెరిఫైడ్, డిలైటెడ్, డెవస్టేటెడ్ లాంటి చివరి మెట్టు మాటల్లో వెరీ ముందే ఇమిడి ఉంది. "వెరీ ఫ్యూరియస్" అంటే చెవికి ఎబ్బెట్టు. "అబ్సల్యూట్లీ ఫ్యూరియస్" అంటారు. తగ్గించి చెప్పాలంటే కింది మెట్టు మాటల ముందు "ఎ బిట్" చేర్చుకోవచ్చు: "ఎ బిట్ నెర్వస్".

ఉద్యోగపు ఉత్తరాల్లో ఈ మెట్టు ఎంతో కీలకం. పై అధికారికి "ఐ యామ్ యాంగ్రీ ఎబౌట్ ద డిలే" అని రాస్తే తలుపు మూసుకుపోతుంది. "ఐ యామ్ కన్సర్న్డ్ ఎబౌట్ ద డిలే" అంటే అదే విషయం, దాని మీద చర్చకు చోటు మిగిలింది. ఇంకొంచెం గట్టిగా చెప్పాలంటే "డిసప్పాయింటెడ్". పని వాతావరణంలో ఈ మాట మనం అనుకునేదానికంటే బరువైనది. మరీ ముఖ్యంగా బ్రిటిష్ వాళ్లు తగ్గించి మాట్లాడతారు. అక్కడి అధికారి "ఐ యామ్ ఎ బిట్ డిసప్పాయింటెడ్" అన్నాడంటే ఆ "ఎ బిట్"ను నమ్మి నిశ్చింతగా ఉండకూడదు.

నాలుగో మెట్టు: మాట పక్కన నిలిచే చిన్న మాట

మనకు కోపం "మీద" వస్తుంది, భయం పామును "చూసి", పాము "అంటే" వేస్తుంది. ఇంగ్లీషులో ప్రతి భావానికీ తన ప్రిపోజిషన్ ఉంటుంది. దాన్ని తర్కంతో పట్టుకోలేం, మాటతో కలిపే నేర్చుకోవాలి. అఫ్రైడ్, ప్రౌడ్, అషేమ్డ్, జెలస్ పక్కన ఆఫ్. వరీడ్, ఎగ్జైటెడ్, నెర్వస్ పక్కన ఎబౌట్. ఫెడప్, బోర్డ్, శాటిస్ఫైడ్ పక్కన విత్. యాంగ్రీకి మనిషైతే విత్ లేదా ఎట్, విషయమైతే ఎబౌట్. గ్రేట్‌ఫుల్‌కు రెండూ కావాలి: మనిషికి టు, చేసిన మేలుకు ఫర్. నోట్‌బుక్‌లో అఫ్రైడ్ అని ఒంటరిగా రాయకండి. "అఫ్రైడ్ ఆఫ్ డాగ్స్" అని రాయండి. యాంగ్రీ "ఆన్" అనడం మన "మీద" చేయించే తప్పు. అది వచ్చిన ప్రతిసారీ ఆగి సరిచేసుకుంటే నెలలో పోతుంది.

అయిదో మెట్టు: తెలుగైపోయిన ఇంగ్లీషు మాటలు

కొన్ని ఇంగ్లీషు మాటలు మన ఇంటికి వచ్చి మన అర్థం కట్టుకున్నాయి. తెలుగులో అవి ఒప్పే. తిరిగి ఇంగ్లీషులోకి పంపేటప్పుడే జాగ్రత్త కావాలి.

"ఆయన నా మీద సీరియస్ అయ్యాడు" అంటే మనకు కోప్పడ్డాడని. "హి బికేమ్ సీరియస్" అంటే నవ్వు ఆపి గంభీరంగా మారాడని ఇంగ్లీషువాళ్లు అనుకుంటారు. "టెన్షన్‌గా ఉంది" అనేదానికి సందర్భాన్ని బట్టి నెర్వస్, వరీడ్, స్ట్రెస్డ్ ఉన్నాయి. వాళ్లకు టెన్షన్ ఎక్కువగా ఇద్దరి మధ్య బిగుసుకున్న వాతావరణం. "మూడ్ ఆఫ్"కు "ఐ యామ్ ఇన్ ఎ బ్యాడ్ మూడ్" లేదా "ఐ యామ్ ఫీలింగ్ డౌన్". మూడీ అంటే ఉత్సాహంగా ఉన్నవాడు కాదు, క్షణానికోలా మారి ముభావంగా ఉండేవాడు. "ఆ నంబరు నాకు సెంటిమెంటు" అన్నది అసలు భావపదమే కాదు. దానికి "ఇట్స్ మై లక్కీ నంబర్" అంటే సరిపోతుంది.

డిప్రెషన్ మాట వేరుగా చెప్పాలి. మార్కులు తగ్గితే, క్రికెట్‌లో ఓడితే డిప్రెషన్ అనేస్తాం. ఇంగ్లీషులోనూ వాడుకలో అలా అంటారు గానీ, వైద్యుడి ముందు అది జబ్బు పేరు. చాలా దేశాల్లో వైద్యులు పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రం ఇస్తారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు, మొత్తం 27. అందులో డౌన్, హోప్‌లెస్ లాంటి మాటలు వస్తాయి. ఆందోళనను కొలిచే జీఏడీ-7లో "ఆన్ ఎడ్జ్" అనే మాట ఉంటుంది. అంటే ఏ క్షణాన ఏమవుతుందోనని నరాలు బిగబట్టుకుని ఉండటం. పిల్లల దగ్గరకు అమెరికాకో, బ్రిటన్‌కో వెళ్లిన అమ్మానాన్నల తరఫున ఈ కాగితాలు నింపేవారికి నా విన్నపం ఒకటే. అమ్మ "ఏదో దిగులుగా ఉంటోందిరా" అంటే శాడ్ అని రాసి ముగించకండి. ఆకలి ఉందా, తెల్లవారుజామునే మెలకువ వస్తోందా, ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోవడం లేదా అని అడిగి, ఆమె చెప్పినది చెప్పినట్టు చెప్పండి. పోవడం లేదంటే "షి హాజ్ లాస్ట్ ఇంటరెస్ట్ ఇన్ థింగ్స్" అనాలి. కొడుకు ముందు చెప్పలేని సంగతులు ఉంటాయి కాబట్టి దుబాసీని, అంటే మాటను అటూ ఇటూ అనువదించి చెప్పే మనిషిని, అడగటం ఇంకా మంచిది. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవలో దుబాసీని ఉచితంగా ఇస్తారు. మన దేశంలోనైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆరో మెట్టు: ఒళ్లు చెప్పే మాటలు

ఇక్కడ రెండు భాషలూ ఆశ్చర్యంగా కలుస్తాయి. మన గుండె జారిపోతే వాళ్లదీ జారుతుంది: "మై హార్ట్ శాంక్". మనకు గొంతు పూడుకుపోతే వాళ్లకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది: "ఐ హాడ్ ఎ లంప్ ఇన్ మై త్రోట్". మన రోమాంచం వాళ్ల గూస్‌బంప్స్. ఊపిరి పీల్చుకున్నాం అనేదానికి "బ్రీద్డ్ ఎ సై ఆఫ్ రిలీఫ్". ఉక్కిరిబిక్కిరి అవడానికి ఓవర్‌వెల్మ్డ్ సరిగ్గా సరిపోతుంది. పని ఒత్తిడికీ, ఎదురొచ్చిన ప్రేమకూ రెండింటికీ పనికొస్తుంది, మన మాటలాగే. తేడా వచ్చేది పరీక్ష ముందు కడుపులో తిప్పడం దగ్గర. వాళ్లు సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయంటారు: "ఐ హావ్ బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్". "గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి" అన్నదాన్ని మాత్రం మాటకు మాట పెట్టి చెప్పకండి. "మై హార్ట్ వాజ్ పౌండింగ్" అంటే ఆ అదురు తెలుస్తుంది.

ఏడో మెట్టు: ఒక్క మాట దొరకని చోట

మొహమాటానికి ఇంగ్లీషులో ఒక్క మాట లేదు. వెతికి అలసిపోవద్దు. దాన్ని విప్పి చెప్పాలి. ఆకలిగా ఉన్నా వద్దన్నారా? "ఐ డిడ్ నాట్ వాంట్ టు ట్రబుల్ దెమ్." ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారా? "ఐ ఫెల్ట్ ఆక్వర్డ్ సేయింగ్ నో." షై అని చెబితే మీ స్వభావమే పిరికిదనుకుంటారు, ఎదుటివారి పట్ల మీకున్న మర్యాద అందులో కనిపించదు.

అలకకు సల్క్ అనే క్రియ దగ్గరగా వస్తుంది. కానీ దానిలో నింద ఉంది, ముద్దు లేదు. అలిగినవాళ్లను బుజ్జగించాలన్న ఒప్పందం మన అలకలో ఉంటుంది. "షి ఈజ్ అప్‌సెట్ విత్ మీ అండ్ వెయిటింగ్ ఫర్ మీ టు మేక్ ఇట్ అప్ టు హర్" అని పొడుగ్గా చెప్పినా ఫరవాలేదు, న్యాయం జరుగుతుంది.

బెంగకు రెండు దారులు. ఇంటి మీద బెంగ హోమ్‌సిక్. మనిషి మీద బెంగ "ఐ మిస్ హర్". ఈ బెంగకు ఇంగ్లీషులో ఒక చరిత్ర ఉంది. నోస్టాల్జియా అని ఇప్పుడు పాత రోజుల తీపి గుర్తులకు వాడే మాట పుట్టింది ఈ బెంగ నుంచే. 1688లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి, ఇంటికి దూరమై చిక్కిపోయేవారి జబ్బుకు పేరుగా దాన్ని కట్టాడు. గ్రీకులో నోస్టోస్ అంటే ఇంటికి తిరిగిరావడం, ఆల్గోస్ అంటే నొప్పి. మొదటిసారి హాస్టల్‌కు వెళ్లిన పిల్లవాడు రెండు వారాల్లో సన్నబడితే "బెంగ పెట్టుకున్నాడు" అని మన అమ్మమ్మలు చేసే నిర్ధారణ కూడా సరిగ్గా ఇదే.

ఎనిమిదో మెట్టు: రోజుకు మూడు వాక్యాల సాధన

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు మనసుకు తగిలిన ఒక్క సంఘటన తీసుకోండి. ముందు తెలుగులో ఒకే మాట రాయండి, కారణం పక్కన. ఉదాహరణకు "ఉక్రోషం: నా పనికి పేరు ఇంకొకరికి వెళ్లింది". తర్వాత నాలుగు ప్రశ్నలు అడిగి ఇంగ్లీషులో మూడు వాక్యాలు. మొదటిది భావం, రెండోది కారణం, మూడోది ఇప్పుడు ఎలా ఉందో. "ఐ ఫెల్ట్ రిజెంట్‌ఫుల్. సమ్‌వన్ ఎల్స్ గాట్ ద క్రెడిట్ ఫర్ మై వర్క్. ఐ యామ్ కామర్ నౌ, బట్ స్టిల్ ఎ బిట్ హర్ట్." అంతే. నాలుగోది వద్దు.

వారానికి ఒక తెలుగు మాట చొప్పున లోతుగా చూడండి. ఒక వారం సిగ్గు, ఒక వారం బాధ, ఒక వారం భయం. వారంలో అయిదారు ఇంగ్లీషు మాటలకు మించి కొత్తవి పెట్టుకోవద్దు. కొత్త మాట దొరికితే దాన్ని వాడిన వాక్యాన్ని గట్టిగా, గొంతెత్తి చదవండి. భావపదం కంటికంటే గొంతులో బాగా నిలుస్తుంది.

ఇది భాషకే కాదు, మనసుకూ పనికొచ్చే సాధన. 2007లో అమెరికన్ మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధనలో, కోపమో భయమో నిండిన ముఖాల బొమ్మలు చూస్తూ ఆ భావానికి పేరు పెట్టినప్పుడు, మెదడులో భయానికి స్పందించే అమిగ్డాలా అనే భాగం తక్కువగా చలించింది.

తొమ్మిదో మెట్టు: ఎదుటివారి భావాన్ని పలకడం

మన భావం చెప్పడం కంటే ఇది కష్టం. తెలుగులో "ఆవిడకు కోపంగా ఉంది" అని ఎంతో మామూలుగా అంటాం. ఇంగ్లీషులో ఎదుటి మనిషితోనే "యూ ఆర్ యాంగ్రీ" అంటే నేరం మోపినట్టు ఉంటుంది. మనకు కనిపించినంతే చెప్పాలి. ముఖం చూసి చెబితే లుక్, గొంతు విని చెబితే సౌండ్, మొత్తం మీద అనిపిస్తే సీమ్. "యూ లుక్ టయర్డ్." "యూ సౌండ్ అప్‌సెట్." చివర "ఈజ్ దట్ రైట్?" అని అడిగితే, కాదనే వీలు ఎదుటివారికి మిగులుతుంది. ఇక్కడ చివరి మెట్టు మాటలు వాడకూడదు. ఫ్యూరియస్, డెవస్టేటెడ్ అనే హక్కు ఆ మనిషిదే. మనం ఎప్పుడూ ఒక మెట్టు తగ్గి అడగాలి. "డోంట్ వరీ" కూడా వెంటనే అనవద్దు. ముందు వాళ్ల భావాన్ని ఒప్పుకోవాలి, ధైర్యం తర్వాత చెప్పాలి.

మూడు వారాల తర్వాత ఆ నర్సుతో అదే సన్నివేశం మళ్లీ చేశాం. అదే కుర్చీ, అదే పెద్దావిడ, అదే నిద్రలేమి. ఈసారి ఆమె వెంటనే మాట్లాడలేదు. కాసేపు నా ముఖం చూసి, నెమ్మదిగా, "యూ సీమ్ వరీడ్ ఎబౌట్ టుమారో. అండ్ ఎబౌట్ యువర్ హస్బండ్ బీయింగ్ ఎలోన్. ఈజ్ దట్ రైట్?" అంది. నేను అవునని తలూపాను. "వుడ్ యూ లైక్ టు టెల్ మీ మోర్?" అని అడిగి, తన కుర్చీని కొంచెం దగ్గరకు జరుపుకుంది.